దాచిన లింకు మళ్లీ దొరకాలంటే

మంచి వ్యాసం కంటబడగానే వాట్సాప్ గ్రూపులో పెట్టేయడం ఇప్పుడు అందరికీ అలవాటు. ఆరు నెలల తర్వాత అదే వ్యాసం అవసరమైతే ఏ గ్రూపులో పెట్టారో, ఎవరు పెట్టారో గుర్తురాదు. పాత మెసేజీలు పైకి జరుపుకుంటూ పోవడమే మిగులుతుంది. లింకును పంచుకున్నారు గానీ దాచుకోలేదన్నమాట. ఇరవయ్యేళ్ల కిందట వెబ్‌లో దీనికి ఎదురు దిశలో ఒక పద్ధతి బలంగా నడిచింది. ఎవరికి వాళ్లు తమ కోసమే లింకులు దాచుకునేవారు, ఆ దాచుకోవడమే పదిమందికీ పంచుకోవడం అయ్యేది. సోషల్ బుక్‌మార్కింగ్ అంటే అదే. అందులో పేరు మోసిన సేవలు చాలావరకు మూతపడ్డాయి. పద్ధతి మాత్రం పాతబడలేదు. అది ఎందుకు పనిచేసిందో, ఎక్కడ తెగిందో తెలిస్తే ఇవాళ కూడా చక్కగా నడుపుకోవచ్చు.

డెలిషస్ నేర్పిన పాఠం

జాషువా షాక్టర్ అనే ప్రోగ్రామర్ 2003లో డెలిషస్ అనే సోషల్ బుక్‌మార్కింగ్ సేవ మొదలుపెట్టాడు. అంతకుముందు తనకు నచ్చిన వేల లింకులను ఒక టెక్స్ట్ ఫైలులో రాసుకుని, ఒక్కోదాని పక్కన గుర్తుగా ఒకటి రెండు మాటలు పెట్టుకునేవాడు. ఆ మాటలే ట్యాగులయ్యాయి. బ్రౌజరు ఫోల్డరులో ఒక లింకు ఒక్క చోటే ఉంటుంది. ట్యాగులతో అయితే ఒకే వ్యాసం "వరి" కిందా, "తెగుళ్లు" కిందా, "చదవాలి" కిందా కనిపిస్తుంది. ఫోల్డరు దాచేటప్పుడే ఒక నిర్ణయం తీసుకోమంటుంది. ట్యాగు ఆ నిర్ణయాన్ని వెతికే రోజుకు వాయిదా వేస్తుంది.

అసలు బలం ఆ తర్వాతి మెట్టులో ఉంది. డెలిషస్‌లో దాచిన లింకు, ప్రత్యేకంగా వద్దంటే తప్ప, అందరికీ కనిపించేది. ఒక లింకు దాచగానే దాన్ని ఇంకెంతమంది దాచారో, ఏ ట్యాగులు పెట్టారో తెలిసిపోయేది. అందులో ఒకరి పేరు నొక్కితే వాళ్లు దాచినవన్నీ తెరుచుకునేవి. ఒకే అరుదైన వ్యాసాన్ని దాచుకున్న ఇద్దరికి ఆసక్తులు కలిసే అవకాశం ఎక్కువ. అలా ముక్కూమొహం తెలియనివాళ్ల లింకుల పెట్టెలోంచి మనకు కావాల్సినవి దొరికేవి. ప్రతి ట్యాగుకూ, ప్రతి వాడుకరికీ కొత్తవి చేరగానే తెలిపే ఆర్‌ఎస్‌ఎస్ ఫీడు ఉండేది. ట్యాగు పెట్టేచోట "ఫర్" అని రాసి, కోలన్ పెట్టి, స్నేహితుడి పేరు తగిలిస్తే ఆ లింకు నేరుగా అతని పెట్టెలో పడేది.

ఇక్కడ ఎవరూ లోకోపకారం కోసం కష్టపడలేదన్నది గమనించాలి. తన అవసరానికి తాను దాచుకున్నదే పక్కవాడికి పనికొచ్చింది. మెప్పు కోసం కాక మళ్లీ చదవడం కోసం దాచిన లింకు కాబట్టి దానికి విలువ ఉండేది. లైకుల లెక్కతో నడిచే చోట ఈ గుణం ఉండదు. చదవకుండానే లైకు కొట్టొచ్చు, ఫార్వర్డు చేయొచ్చు. తర్వాత కావాలనుకున్నదాన్నే ఎవరైనా దాచుకుంటారు.

ఇంతమంది ఇష్టమొచ్చిన మాటలు తగిలిస్తే గందరగోళం కాదా? దీన్ని హెచ్‌పీ ల్యాబ్స్‌లో స్కాట్ గోల్డర్, బెర్నార్డో హ్యూబర్‌మన్ పరిశీలించారు. ఒక లింకును మొదటి వంద మంది దాకా దాచాక, దాని మీద పడే ట్యాగుల పాళ్లు దాదాపు మారకుండా నిలబడతాయని వాళ్లు 2006లో ప్రచురించిన పరిశోధనలో చూపించారు. అంటే మంది పెరిగేకొద్దీ గందరగోళం తగ్గుతుంది. తెలుగు లింకులకు ఇక్కడే చిక్కు. ఒక తెలుగు వ్యాసాన్ని వందమంది ఒకే సేవలో దాచడం అరుదు. కాబట్టి ట్యాగుల క్రమశిక్షణ గుంపు మీద వదిలేయకుండా మొదట్నుంచీ మనమే పాటించాలి. ఆ సంగతి కింద వస్తుంది.

తెలుగు బ్లాగుల ఊపున్న రోజుల్లో కూడలి, జల్లెడ, హారం, మాలిక వంటి సంకలినులు ఉండేవి. అవి ఫీడుల నుంచి కొత్త టపాలను వాటంతటవే ఏరి చూపేవి. ఆ రోజు ఏం వచ్చిందో చెప్పడంలో వాటికి సాటి ఉండేది కాదు. మూడేళ్ల కిందటి మంచి టపా ఏదో చెప్పాలంటే మనుషులు ఎంచి దాచి ఉండాలి. ఆ పని తెలుగులో పెద్ద ఎత్తున ఎప్పుడూ జరగలేదు. ఇప్పటికీ అది ఖాళీగానే ఉంది.

సేవలు ఎలా పోయాయి

డెలిషస్‌ను 2005 డిసెంబరులో యాహూ కొన్నది. 2008 చివరికి 53 లక్షల మంది వాడుకరులు, 18 కోట్ల వేర్వేరు లింకులు ఉన్నాయని ప్రకటించుకుంది. రెండేళ్లు తిరిగేసరికి, 2010 డిసెంబరులో, మూసేయాల్సిన సేవల జాబితాలో దాని పేరున్న యాహూ స్లయిడు ఒకటి బయటికొచ్చింది. 2011లో యూట్యూబ్ వ్యవస్థాపకులు చాడ్ హర్లీ, స్టీవ్ చెన్‌ల కంపెనీ తీసుకుంది. తర్వాత ఇంకా చేతులు మారి, 2017 జూన్‌లో పోటీ సేవ పిన్‌బోర్డ్ యజమాని మచెయ్ సెగ్లోవ్‌స్కీకి 35,000 డాలర్లకు చేరింది. ఆయన కొత్త లింకులు చేర్చడం ఆపేసి, పాతవి చూసుకునేందుకు మాత్రమే ఉంచాడు.

మాగ్నోలియా అనే ఇలాంటి మరో సేవది ఇంకా పెద్ద దెబ్బ. 2009 జనవరి 30న దాని డేటాబేస్ చెడిపోయింది. దాదాపు అర టెరాబైటు డేటా. బ్యాకప్ ఉంది. కానీ అది అసలు ఫైలుతో ఎప్పటికప్పుడు సింక్ అవుతూ ఉండటంతో చెడిన ఫైలే బ్యాకప్‌లోకీ వెళ్లింది. బహిరంగంగా ఉన్న లింకులు కొన్ని ఇతర సైట్లలో మిగిలిన కాపీల ద్వారా తిరిగొచ్చాయి. సింక్ చేస్తున్నాం కదా, బ్యాకప్ ఉన్నట్టే అనుకునేవారికి ఇంతకన్నా మంచి హెచ్చరిక లేదు. ఫోన్లో పొరపాటున ఒక ఫోల్డరు తొలగిస్తే సింక్ పుణ్యమా అని ల్యాప్‌టాప్‌లోనూ అది మాయమవుతుంది. బ్రౌజరు సింక్ ఇప్పటికీ ఇలాగే పనిచేస్తుంది.

పరిశోధకుల కోసం నేచర్ ప్రచురణ సంస్థ నడిపిన కనోటియా 2013లో, స్టంబుల్‌అపాన్ 2018లో, గూగుల్ బుక్‌మార్క్స్ 2021 సెప్టెంబరులో ఆగిపోయాయి. ఫైర్‌ఫాక్స్ తయారుచేసే మొజిల్లా, తర్వాత చదవడానికి వ్యాసాలు దాచే పాకెట్‌ను 2025 జూలై 8న మూసింది. దాచినవి దింపుకోవడానికి కొంత గడువిచ్చింది. దింపుకున్న ఫైలులో శీర్షిక, చిరునామా, దాచిన తేదీ, ట్యాగులు ఉన్నాయి. వ్యాసాల పాఠం మాత్రం లేదు. అసలు పేజీ అప్పటికే పోయి ఉంటే పాకెట్‌లో ఇన్నాళ్లూ చదవగలిగిన వ్యాసం కూడా దాంతోపాటే పోయినట్టు.

కారణాలు ఒక్కోదానికి ఒక్కోటి కనిపించినా మూలం ఒకటే. వాడుకరి ఉచితంగా దాచుకుంటాడు, ప్రకటనలు చూసేంతసేపు అక్కడ ఉండడు, సర్వరు ఖర్చు ఏటేటా పెరుగుతుంది. వాడుకరుల దగ్గర డబ్బు తీసుకుంటూ ఒక్క మనిషి నడిపిన పిన్‌బోర్డ్, పెద్ద కంపెనీల సేవలు పోయాక కూడా నిలబడింది. ఉచితమైనది చెడ్డదని దీనర్థం కాదు. ఏ సేవలో చేరేముందయినా చూడాల్సిన మొదటి బటన్, దాచినవన్నీ ఫైలుగా దింపుకునే "ఎక్స్‌పోర్ట్". అది లేకపోతే మిగతా సౌకర్యాలు ఎన్నున్నా వద్దనుకోవడమే మంచిది.

లింకులు కూడా చస్తాయి

సేవ బతికి ఉన్నా లింకు బతకకపోవచ్చు. 2013లో ఉన్న వెబ్‌పేజీల్లో 38 శాతం 2023 నాటికి తెరుచుకోవడం లేదని అమెరికా పరిశోధన సంస్థ ప్యూ రీసెర్చ్ సెంటర్ 2024లో లెక్కతేల్చింది. తెలుగువారికి దగ్గరి ఉదాహరణ డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా. వేల తెలుగు పుస్తకాల స్కాన్లు అందులో ఉండేవి. తెలుగు వికీపీడియా వ్యాసాల్లోనూ బ్లాగుల్లోనూ ఆ లింకులే ఇచ్చేవారు. 2017 ప్రాంతంలో ఆ సైటు ఆగిపోవడంతో లింకులన్నీ ఒక్కసారిగా చచ్చాయి. అదృష్టవశాత్తూ అంతకుముందే చాలా పుస్తకాల ప్రతులు, పాత వెబ్‌పేజీలూ పుస్తకాలూ దాచిపెట్టే ఇంటర్నెట్ ఆర్కైవ్‌కు చేరాయి. లింకుతోపాటు పుస్తకం పేరు, రచయిత, బార్‌కోడు సంఖ్య రాసుకున్నవారు అక్కడ మళ్లీ వెతికి పట్టుకోగలిగారు. ఉత్త లింకు దాచుకున్నవారికి అది ఏ పుస్తకమో కూడా తెలియకుండా పోయింది.

ప్రభుత్వ జీవోలదీ ఇదే కథ. ఆంధ్రప్రదేశ్‌లో 2021 ఆగస్టులో జీవోలను అంతకుముందులా ఆన్‌లైన్‌లో పెట్టడం ఆపేశారు, 2024లో మళ్లీ మొదలుపెట్టారు. తెలంగాణలో భూముల వివరాలకు ధరణి పోయి 2025లో భూభారతి వచ్చింది. ఇలాంటి పోర్టళ్లలో ఇంకో ఇబ్బంది కూడా ఉంది. ఫారం నింపి వెతికాక వచ్చే ఫలితానికి చాలాసార్లు సొంత చిరునామా ఉండదు. పైన చిరునామా పట్టీలో ఉన్నది దాచుకుంటే రేపు ఖాళీ ఫారమే తెరుచుకుంటుంది, లేదంటే సెషన్ ముగిసిందని చెబుతుంది. అలాంటి చోట లింకును నమ్ముకోకుండా పీడీఎఫ్ దింపుకుని, జీవో సంఖ్య, తేదీ, శాఖ పేరు నోట్‌లో రాసుకోవాలి.

పొట్టి లింకులు మరీ బలహీనం. అసలు చిరునామాకు తోడు మధ్యవర్తి కంపెనీ కూడా బతికి ఉండాలి. గూగుల్ తన పొట్టి లింకుల సేవలో కొత్తవి చేయడం 2019లో ఆపేసింది. పాతవి 2025 ఆగస్టు 25 నుంచి పనిచేయవని ఏడాది ముందే చెప్పి, చివరి నెలలో, వాడకంలో ఉన్నవాటిని ఉంచుతామని మార్చుకుంది. దాచేముందు పొట్టి లింకును ఒకసారి తెరిచి, చివరికి చేరిన అసలు చిరునామానే దాచాలి.

దాచే పద్ధతి

ముందు చిరునామా శుభ్రం చేయాలి. ఫేస్‌బుక్ నుంచో, వార్తా యాప్ నుంచో వచ్చిన లింకు చివర ప్రశ్నార్థకం, దాని వెనక పొడుగాటి తోక ఉంటుంది. లింకు ఎవరి ద్వారా వచ్చిందో కంపెనీలకు చెప్పడానికే అది. యూటీఎం అని మొదలయ్యేవీ, ఎఫ్‌బీ క్లిక్ ఐడీ, యూట్యూబ్ షేర్ బటన్ చేర్చే ఎస్‌ఐ, అన్నీ తీసేయొచ్చు. అలాగని ప్రశ్నార్థకం తర్వాత ఉన్నదంతా కళ్లు మూసుకుని కొట్టేయకూడదు. యూట్యూబ్ పూర్తి చిరునామాలో వీడియో గుర్తింపు పదకొండు అక్షరాలు ఉండేది ఆ ప్రశ్నార్థకం తర్వాతే. పాత సైట్లు చాలావాటిలో వ్యాసం సంఖ్యా అక్కడే ఉంటుంది. తోక తీసేసి పేజీని మళ్లీ తెరవాలి. అదే పేజీ వస్తే ఆ చిరునామానే ఉంచాలి. ఎం డాట్‌తో మొదలయ్యే మొబైల్ చిరునామా, ఫోన్లో త్వరగా తెరుచుకునేలా గూగుల్ చూపే ఏఎంపీ ప్రతి చిరునామా కాకుండా అసలు సైటు చిరునామా తీసుకోవాలి. ఇది చాదస్తం కాదు. చాలా బుక్‌మార్కింగ్ సేవలు రెండు లింకులు ఒకటేనా అన్నది అక్షరం అక్షరం పోల్చి చూస్తాయి. చిన్న తేడా ఉన్నా ఒకే వ్యాసం రెండు ముక్కలై, ఎవరు దాచారన్న లెక్కా, నోట్సూ చెదిరిపోతాయి.

తెలుగు చిరునామాలకు ప్రత్యేకమైన కష్టం ఒకటుంది. చిరునామాలో తెలుగు అక్షరాలుంటే, కాపీ చేసినప్పుడు అవి శాతం గుర్తులూ అంకెలూ ఇంగ్లిషు అక్షరాలూ కలిసిన వరుసగా మారతాయి. యూనికోడ్‌లో ఒక్కో తెలుగు గుర్తు మూడు బైట్లు తీసుకుంటుంది, ఒక్కో బైటు మూడు అక్షరాలుగా మారుతుంది. "తెలుగు" అన్న మాటలో మూడు హల్లులు, మూడు గుణింతపు గుర్తులు, మొత్తం ఆరు. అది చిరునామాలో 54 అక్షరాలవుతుంది. "ఆంధ్రప్రదేశ్" 108. చూడ్డానికి భయంగా ఉన్నా లింకు పనిచేస్తుంది. పాడయ్యేది పంపేటప్పుడు. ఈమెయిల్లో వరుస మధ్యలో విరిగితే సగం లింకే నొక్కుడుపడుతుంది. తెలుగు వికీపీడియాలో సినిమా పేరుతో ఉన్న వ్యాసానికి చివర బ్రాకెట్ ఉంటే కొన్ని యాప్‌లు ఆ ముగింపు బ్రాకెట్‌ను లింకులో కలపవు, లేని పేజీకి తీసుకెళ్తాయి. వికీపీడియా వ్యాసాలకు పరికరాల జాబితాలోనే పొట్టి చిరునామా ఇచ్చే సౌకర్యం ఉంది. దాన్ని వికీమీడియానే నడుపుతుంది కాబట్టి, పైన చెప్పిన మధ్యవర్తి భయం దానికి తక్కువ. వికీ లింకు పంపడానికి అదే మేలు.

తర్వాత శీర్షిక. చాలా తెలుగు సైట్ల శీర్షికలో వెతుకుడు కోసం కుక్కిన ఇంగ్లిషు మాటలే ఉంటాయి. దాన్ని కొట్టేసి వ్యాసం దేని గురించో తెలుగులో రాయాలి. కింద నోట్‌లో రచయిత పేరు, ప్రచురణ తేదీ, ఎందుకు దాచారో ఒక వాక్యం, వ్యాసంలోని కీలకమైన రెండు మూడు వాక్యాలు యథాతథంగా పెట్టాలి. ఈ నాలుగింటికి రెండు నిమిషాలు పడుతుంది. లింకు చచ్చినా ఆ వాక్యాలను వెతుకుడు పెట్టెలో వేస్తే వ్యాసం మరోచోట దొరికే అవకాశం ఎక్కువ. ఒక్కపని మాత్రమే చేసే ఓపిక ఉంటే ట్యాగులు మానేసైనా ఈ నోట్ రాయడం మేలు.

ట్యాగులు ఒక లింకుకు మూడు నుంచి ఐదు చాలు. తెలుగు ట్యాగుల్లో ఏకవచనమో బహువచనమో ఏదో ఒకటే పాటించాలి. "కథ", "కథలు" రెండూ వాడితే సగం కథలు ఎప్పుడూ కనబడవు. తెలుగు లిపి, ఇంగ్లిషు లిపి కలపకూడదు. పిన్‌బోర్డ్, సొంతంగా నడుపుకునే లింక్‌డింగ్ వంటివాటిలో ఖాళీ వదిలితే కొత్త ట్యాగు మొదలవుతుంది. కాబట్టి "సేంద్రియ సాగు" అని కొడితే రెండు ట్యాగులవుతాయి, మధ్యలో అడ్డగీత పెట్టాలి. రెయిన్‌డ్రాప్ అనే సేవలో కామాతో విడదీస్తారు, ఖాళీ ఉన్నా ఫర్వాలేదు.

కంటికి కనబడని తప్పు ఇంకోటి ఉంది. "హైదరాబాద్", "విజయనగరం జిల్లా పరిషత్" వంటి పొల్లుతో ముగిసే మాటల చివర కొన్ని కీబోర్డులు, పత్రికల సైట్లు జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కనబడని గుర్తు చేరుస్తాయి. "హైదరాబాద్‌లో" అన్న మాటలో "ద్", "లో" కలిసి వత్తు కాకుండా ఆపేది అదే. ఆ మాటను కాపీ చేసి "లో" కొట్టేస్తే గుర్తు మిగిలిపోతుంది. ట్యాగుల జాబితాలో రెండు హైదరాబాదులు పక్కపక్కనే ఉంటాయి, ఒకదాని కింద 40 లింకులు, ఇంకోదాని కింద మూడు. చూపుకు తేడా ఉండదు. ట్యాగును కాపీ చేయకుండా కొట్టడం, లేదా సేవ చూపించే సూచనల్లోంచే ఎంచుకోవడం దీనికి మందు. ఇప్పటికే రెండుంటే సేవలో ఉండే పేరు మార్చే సౌకర్యంతో చిన్నదాన్ని పెద్దదాంట్లో కలపాలి.

చివరిది కాపీ. ఇంటర్నెట్ ఆర్కైవ్ వేబ్యాక్ మెషీన్‌లో "సేవ్ పేజ్ నౌ" పెట్టెలో చిరునామా అతికిస్తే బహిరంగ ప్రతి ఒకటి నిలుస్తుంది. ఆ ప్రతి చిరునామాను నోట్‌లో చేర్చాలి. లాగిన్ అయితే తప్ప కనిపించని పేజీలు, స్క్రిప్టులతో ఆలస్యంగా నిండే పేజీలు అందులో సరిగా పడవు. వాటికి సింగిల్‌ఫైల్ అనే బ్రౌజరు ఎక్స్‌టెన్షన్ వాడితే బొమ్మలతో సహా పేజీ మొత్తం ఒకే హెచ్‌టీఎంఎల్ ఫైలుగా కంప్యూటర్లో దిగుతుంది. యూనికోడ్ రాకముందు తెలుగు పత్రికల సైట్లు సొంత ఫాంట్లు వాడేవి. ఆ కాలపు పేజీ ఆర్కైవ్‌లో దొరికినా ఫాంటు లేకపోతే అర్థంలేని ఇంగ్లిషు అక్షరాలుగా కనిపిస్తుంది. అలాంటిది చదవగలిగే స్థితిలో కనబడితే వెంటనే పీడీఎఫ్‌గా ముద్రించుకోవాలి.

పంచుకునేటప్పుడు

వాట్సాప్ గ్రూపును వదలక్కర్లేదు. అది వార్త మోస్తుంది, నిల్వ మాత్రం వేరేచోట ఉండాలి. ఒక రైతు బృందమో, సాహిత్య బృందమో రెయిన్‌డ్రాప్‌లో ఒక బహిరంగ కలెక్షన్ తెరిచి, దాని చిరునామాను గ్రూపు వివరణలో పెట్టుకుంటే సరిపోతుంది. లింకులెన్నైనా ఉచితంగానే దాచుకోవచ్చు. లోపలి పాఠంలో వెతకడం, శాశ్వత ప్రతులు ఉంచడం వంటివి డబ్బు కట్టినవారికి. చేర్చే హక్కు ఇద్దరు ముగ్గురికే ఇవ్వాలి. అందరికీ ఇస్తే నెల తిరగకుండా అది ఇంకో ఫార్వర్డుల కుప్ప అవుతుంది.

సాంకేతికం కాస్త తెలిసినవాళ్లకు లింక్‌డింగ్ మంచి ఎంపిక. సాఫ్ట్‌వేరును కంటెయినరు అనే విడి పెట్టెలో నడిపే డాకర్‌లో నడుస్తుంది, రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటరు మీదా సరిపోతుంది, డేటా అంతా ఒకే ఎస్‌క్యూలైట్ డేటాబేస్ ఫైలులో ఉంటుంది. దాచిన ప్రతి లింకునూ వేబ్యాక్ మెషీన్‌కు పంపే ఏర్పాటూ ఉంది. మొదటిసారి పెట్టేవారు తరచూ చేసే తప్పు, డేటా ఫోల్డరును కంటెయినరు బయట ఉంచకపోవడం. అప్పుడు కొత్త వెర్షన్ కోసం కంటెయినరు తొలగించగానే లింకులన్నీ దానితో పోతాయి. మామూలు పీహెచ్‌పీ హోస్టింగ్ ఉన్నవారికి డేటాబేస్ అక్కర్లేని షార్లీ అనే సాఫ్ట్‌వేరు చాలు.

ఇక్కడ ఒక జాగ్రత్త. లింకు ఉన్న ఎవరైనా చూడొచ్చు అన్న సెట్టింగుతో ఉన్న గూగుల్ డాక్యుమెంట్లు, మీటింగ్ ఆహ్వానాలు, పాస్‌వర్డు మార్చే లింకులు, ఇవన్నీ తాళంచెవులతో సమానం. బహిరంగ కలెక్షన్‌లో పెట్టకూడదు, ఆర్కైవ్‌కు అసలే పంపకూడదు.

డిజిటల్ మార్కెటింగ్ శిక్షణల్లో సోషల్ బుక్‌మార్కింగ్ అంటే సొంత సైటు లింకును వందల సైట్లలో అతికించి గూగుల్‌లో పైకి రావడమని ఇప్పటికీ చెబుతున్నారు. గూగుల్, యాహూ, మైక్రోసాఫ్ట్ 2005లోనే నోఫాలో అనే గుర్తును తెచ్చి, ఇలా ఎవరంటే వాళ్లు పెట్టగల లింకుల బలం తీసేశాయి. 2012 ఏప్రిల్‌లో పెంగ్విన్ అప్‌డేట్‌తో గూగుల్ కృత్రిమ లింకులున్న సైట్లను వెతుకుడు ఫలితాల్లో వెనక్కి నెట్టడం మొదలుపెట్టింది. దానికోసం నెలకింత అని డబ్బు కట్టే చిన్న వ్యాపారులు ఆ డబ్బుతో ఒక మంచి పేజీ రాయించుకోవడం నయం. ఈ చెత్త ముసురుకోవడం వల్లే చాలా బుక్‌మార్కింగ్ సైట్లు చదివేవాళ్లకు పనికిరాకుండా పోయాయి.

నెలకోసారి

ఏ సేవ వాడినా నెలకోసారి హెచ్‌టీఎంఎల్ ఫైలుగా ఎక్స్‌పోర్ట్ చేయాలి. క్రోమ్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఓ కలిపి నొక్కి, పైనున్న మూడు చుక్కల్లో ఎక్స్‌పోర్ట్ ఎంచుకోవాలి. ఫైర్‌ఫాక్స్‌లో అవే మీటలు నొక్కి, ఇంపోర్ట్ అండ్ బ్యాకప్‌లోకి వెళ్లాలి. ఈ ఫైలు రూపం తొలినాటి బ్రౌజరు నెట్‌స్కేప్ కాలం నాటిది. దాదాపు ప్రతి సేవా దాన్ని చదువుతుంది. ఫైలు పేరులో తేదీ పెట్టి, పాతదాని మీద కొత్తది రాయకుండా విడిగా ఉంచాలి. మాగ్నోలియాకు జరిగింది అలా రాయడం వల్లే.

ఫైలు దిగింది కదా అని వదిలేయకుండా ఏడాదికోసారైనా వేరే సేవలో ఖాళీ ఖాతా తెరిచి ఎక్కించి చూడాలి. ఎక్కించాక లింకుల సంఖ్య సరిపోయిందా, తెలుగు శీర్షికలు ప్రశ్నార్థకాలుగా మారకుండా తెలుగులోనే ఉన్నాయా, ట్యాగులూ నోట్సూ వచ్చాయా అని చూడాలి. క్రోమ్‌లో ట్యాగులే ఉండవు కాబట్టి అందులోకి ఎక్కించి తిరిగి దింపితే ట్యాగులన్నీ రాలిపోతాయి. తేదీలూ చూడాలి. ఆ ఫైలులో దాచిన తేదీ 1970 జనవరి 1 నుంచి గడిచిన సెకన్ల సంఖ్యగా ఉంటుంది. లింకులన్నీ 1970లో దాచినట్టు కనిపిస్తే ఎక్స్‌పోర్ట్‌లో తేదీ పడలేదన్నమాట. వేల ఏళ్ల ముందుకు పోతే సెకన్లకు బదులు మిల్లీసెకన్లు పడ్డాయన్నమాట. రెండో తప్పును టెక్స్ట్ ఎడిటర్లో ఫైలు తెరిచి చివరి మూడు అంకెలు తీసేయించి సరిచేసుకోవచ్చు. మొదటిది ఎక్కించాక బాగుపడదు, పాత సేవ ఇంకా తెరిచి ఉండగానే మళ్లీ దింపుకోవాలి.